పాత టబ్బుపై కొత్త షవరు

గత సంచికలో మేడమీది నీళ్ల ట్యాంకును శుభ్రపరచే పద్ధతిని గురించి వ్రాసిన మీదట ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో అధికభాగం ట్యాంకులకు సంబంధించినవే. వాటికి విడివిడిగా జవాబులు పంపాము. ఒక ఉత్తరం మాత్రం పదిమందికీ ఉపయోగపడేదిగా తోచి ఈ సంచికకు ఎత్తిపెట్టాము. దానిని వ్రాసినవారు మన సంస్థలో ఉద్యోగ విరమణ చేసి రాయ్‌పూర్‌లోనే స్థిరపడిన సోదరులొకరు. వారు కొన్న ఇల్లు 1990 దశకంలో కట్టినది. పడకగదికి ఆనుకొని ఉన్న స్నానాలగదిలో ఆనాటి మోజు ప్రకారం గులాబీరంగు టబ్బు ఒకటి ఉన్నది. కొన్ననాటినుండి అందులో స్నానం చేసినవారు ఇంట్లో ఎవరూ లేరనీ, వేసవిలో నీళ్లు పట్టి ఉంచుకోవడానికి మాత్రం అది దివ్యంగా పనికివస్తున్నదనీ వారే వ్రాశారు. ఇప్పుడు పిల్లలు ఆ టబ్బుపై షవరు పెట్టించమంటున్నారు. ఎనభై దాటిన వారి తల్లిగారికి వంగి బాల్చీలో చెంబు ముంచడం కష్టమవుతున్నది. షవరు పెడితే ఉభయుల అవసరమూ ఒక్క ఖర్చుతో తీరుతుందా, ఏ కంపెనీ షవరు మంచిది అని వారి ప్రశ్న.

కంపెనీ మాట చివరికి. మొదటి ప్రశ్నకు మా జవాబు: పిల్లల అవసరం తీరుతుంది, పెద్దామె అవసరం అలా తీరదు. పైగా ఆమెను ఆ టబ్బులోకి ఎక్కించడం అపాయం. ఈ మాట ఉత్తరంలో వ్రాసి ఊరుకోకుండా, ఊరు ఒకటే కనుక, కొలత టేపు తీసుకొని ఆ ఇంటికి వెళ్లి చూసివచ్చాము. అక్కడ గమనించిన అంకెలనే ఇక్కడ ఉదాహరణగా వాడుతున్నాము. మీ ఇంటి అంకెలు వేరుగా ఉండవచ్చును. లెక్క మాత్రం ఇదే.

అసలు టబ్బు మనది కాదు. 1931లో విజయనగరం నుండి రాయ్‌పూర్‌కు రైలుమార్గం పూర్తయిన తరువాత ఈ ఊరికి వచ్చి స్థిరపడిన మన తెలుగువారు వెంట తెచ్చుకున్నవి గంగాళాలు, చెంబులే. మన దృష్టిలో స్నానమంటే నీళ్లు ఒంటిమీద పోసుకోవడం. నీళ్లలో నానడానికి ఏరో చెరువో ఉండనే ఉన్నది. దొరల బంగళాలనుండి అతిథిగృహాలకు, అక్కడినుండి సొంత ఇళ్లకు టబ్బు ప్రాకింది. ఆ లెక్కన షవరే మన అలవాటుకు దగ్గరి చుట్టం. లండన్‌లో పొయ్యిలు తయారుచేసే విలియం ఫీథమ్ అనే ఆయన 1767లో యాంత్రిక షవరుకు పేటెంటు తీసుకున్నాడు. చేతిపంపుతో నీటిని తలపైనున్న తొట్టిలోకి ఎక్కించి, గొలుసు లాగితే క్రిందికి పడే ఏర్పాటు అది. నేటి మన మేడమీది ట్యాంకు చేసే పనీ అదే. నీటిని పైకెక్కించి ఉంచాము, కుళాయి త్రిప్పితే క్రిందికి వస్తుంది. కనుక షవరు బాగుండడమూ బాగుండకపోవడమూ మొదట ట్యాంకు ఎత్తుమీద ఆధారపడుతుంది. మెరుపులీనే ఆ చిల్లుల బిళ్లమీద కాదు.

ఆ ఎత్తును లెక్కించడం పదవ తరగతి విద్యార్థికి సైతం సులభమే. పది మీటర్ల ఎత్తున్న నీటిస్తంభం చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో ఒత్తిడి కలిగిస్తుంది. మేము చూసినది ఒక్క అంతస్తు ఇల్లు. స్నానాలగది నేలనుండి పైకప్పు ఉపరితలం వరకు 3.2 మీటర్లు. దానిపై రెండడుగుల దిమ్మెమీద ట్యాంకు. అనగా ట్యాంకు అడుగు నేలనుండి 3.8 మీటర్ల ఎత్తులో ఉన్నది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఇంకొక మీటరు కలిసివస్తుంది గాని, దానిని నమ్ముకోరాదు. ఉదయం నలుగురి స్నానాలయ్యేసరికి ఆ మీటరు కరిగిపోతుంది. ఇక షవరు. టబ్బు అడుగుభాగం గది నేలకంటే 15 సెంటీమీటర్లు ఎత్తుగా ఉన్నందున, మామూలు గదిలో పెట్టే ఎత్తులో పెడితే పొడగరులకు తల తగులుతుంది. అందుచేత బిళ్లను నేలనుండి 2.2 మీటర్ల వద్ద పెట్టవలసి వచ్చింది. 3.8లోనుండి 2.2 తీసివేయగా మిగిలినది 1.6 మీటర్లు. ఒత్తిడి పరంగా 0.16 కిలో. వర్షంలా కురిసే పెద్దబిళ్ల షవర్లకు సాధారణంగా కనీసం అర కిలో ఒత్తిడి కావాలి. అంటే ఐదు మీటర్ల ఎత్తు. మనవద్ద ఉన్నది అందులో మూడవవంతు కూడా లేదు. అట్టి షవరు కొని బిగిస్తే వాన కురియదు, చూరునీళ్లు కారినట్లు కారుతుంది.

కొనకముందే దీనిని పరీక్షించే ఉపాయం ఒకటున్నది. మొక్కలకు నీళ్లు పెట్టే గొట్టాన్ని టబ్బు కుళాయికి బిగించి, రెండవ కొనను షవరు పెట్టదలచిన ఎత్తువరకు ఎత్తి పట్టుకొని, గడియారం చూస్తూ ఒక్క నిమిషం పాటు బాల్చీలోకి పట్టండి. ఇంట్లో ఇద్దరు మనుషులు, ఒక ఎత్తుపీట ఉంటే చాలును. నిమిషానికి 8 లీటర్లు వస్తే నిస్సంకోచంగా పని మొదలుపెట్టవచ్చును. ఐదుకన్న తక్కువ వస్తే షవరు మాట పక్కనపెట్టి గొట్టాల సంగతి, ట్యాంకు సంగతి చూడాలి. ఈ ఇంట్లో వచ్చినది నాలుగున్నర లీటర్లు. క్రింద కుళాయి వద్ద పడితే ఆరు పైచిలుకు వచ్చాయి. ఎత్తు పెరిగినకొద్దీ ఎంత నష్టపోతున్నామో ఇంటిల్లిపాదీ కళ్లారా చూశారు. ప్లంబరు కూడా ఆసక్తిగానే చూశాడు.

లోటు రెండుచోట్ల ఉన్నది. మొదటిది గొట్టం. ట్యాంకునుండి దిగే పాత ఇనుపగొట్టం అరంగుళానిది. పాతికేళ్లకు పైబడిన తుప్పు, సున్నపు పేరుకలతో లోపలి దారి మరింత ఇరుకైంది. గొట్టం వ్యాసం స్వల్పంగా పెరిగినా రాపిడి నష్టం విపరీతంగా తగ్గుతుందనేది ఇంజనీర్లకు తెలిసిన విషయమే గాని, ఇతరులకు ఆశ్చర్యం కలిగిస్తుంది: 15 మిల్లీమీటర్ల గొట్టానికి బదులు 20 మిల్లీమీటర్లది వేస్తే, అంతే నీరు ప్రవహించేటప్పుడు నష్టం దాదాపు నాలుగవవంతుకు పడిపోతుంది. అందుచేత ట్యాంకునుండి దిగే గొట్టాన్ని ఒక అంగుళానికి, స్నానాలగదిలోని శాఖను ముప్పావు అంగుళానికి మార్పించాము. వేడినీటికి కూడా తట్టుకునే సీపీవీసీ గొట్టాలే వేయించాము. మామూలు పీవీసీ గొట్టం వేడినీటికి పనికిరాదు. సీపీవీసీ గొట్టానికి నేరుగా మరలు కోయరాదు. కుళాయి బిగించవలసిన చోట లోపల ఇత్తడి మర ఉన్న ఫిట్టింగునే అతికించాలి. ఇక్కడి పాతకాలపు మిస్త్రీలు ఇనుపగొట్టాల చూడీకి జనపనార చుట్టి సఫేదా పూస్తారు. ఇనుముకు అది మేలైన పద్ధతే. ఇత్తడి మర ఉన్న ఈ ఫిట్టింగులకు టెఫ్లాన్ టేపు చాలును. నార దట్టించి బలంగా బిగిస్తే ప్లాస్టిక్ చిట్లుతుంది, అదీ ఆనాడు కాదు, ఆరునెలలకు.

రెండవది ట్యాంకు ఎత్తు. రెండడుగుల దిమ్మెను ఆరడుగులకు పెంచితే 1.2 మీటర్లు కలిసివచ్చి, 1.6 మీటర్లు 2.8 అవుతుంది. నీటి ప్రవాహం ఎత్తుకు వర్గమూలం చొప్పున పెరుగుతుంది కనుక ఇంచుమించు మూడవవంతు లాభం. ఇందులో ఒక జాగ్రత్త ఉన్నది. వెయ్యి లీటర్ల ట్యాంకులోని నీటి బరువే ఒక టన్ను. ఆ టన్నును నాలుగు కాళ్లమీద నిలబెట్టి ఆ కాళ్లను గది నడుమ స్లాబుపై మోపితే స్లాబుకు ద్రోహం చేసినట్లే. కాళ్లు గోడలమీదికో దూలాలమీదికో వచ్చేట్లు చూడాలి. ప్లాస్టిక్ ట్యాంకు అడుగు మొత్తం సమతలమైన పలకమీద ఆనాలి గాని, రెండు ఇనుప పట్టీలమీద కూర్చోరాదు. గొట్టాలు మార్చిన తరువాత అదే తోటగొట్టం పరీక్షలో 7 లీటర్లు, ట్యాంకు ఎత్తు పెంచిన తరువాత 9 లీటర్లు వచ్చాయి. షవరు అప్పటికింకా కొననే లేదు.

ఇంత శ్రమ ఎందుకు, ఒత్తిడి పెంచే చిన్న పంపు పెట్టుకుంటే సరిపోదా అని కొందరు అడుగుతారు. అపార్టుమెంట్ల పై అంతస్తులో ఉన్నవారికి గత్యంతరం ఉండదు, అట్టివారు పెట్టుకోవచ్చును. పంపు మాత్రం ట్యాంకునుండే నీరు తీసుకోవాలి. మునిసిపల్ గొట్టానికి నేరుగా తగిలించడం పొరుగువారి నీళ్లు లాగుకోవడమే కాక, గొట్టాలలో ఎక్కడైనా బీట ఉంటే మురుగును లోపలికి ఆహ్వానించడం కూడా. పంపు పెట్టినప్పుడు గీజరునుండి మేడపైకి పోయే గాలిగొట్టాన్ని తగినట్లు మార్చకపోతే వేడినీళ్లు మేడమీద పొర్లుతాయి. గీజరు కూడా ఆ ఒత్తిడికి తగినదై, భద్రతా వాల్వు కలిగి ఉండాలి. మా మొగ్గు మాత్రం ట్యాంకు ఎత్తువైపే. దానికి విద్యుత్తు అక్కరలేదు, మోత లేదు, మరమ్మతు లేదు.

గోడ పగలగొట్టవలసిన అవసరం చాలామంది అనుకునేటంత ఉండదు. టబ్బుపై ఇదివరకే వేడినీటికొకటి, చన్నీటికొకటి గొట్టాలు బయటికి వచ్చి ఉంటాయి. వాటి నడుమ దూరం ఇంచుమించు 150 మిల్లీమీటర్లు ఉంటే, పాత కుళాయిలు విప్పి, పైకి షవరుకు దారి ఉన్న గోడ మిక్సరును అక్కడే బిగించవచ్చును. కొద్దిపాటి తేడాను మిక్సరుతో వచ్చే వంకర కాళ్లు సరిచేస్తాయి. మిక్సరునుండి షవరుకు పోయే గొట్టాన్ని గోడలో దాచక పైకి కనబడేట్లే పెట్టించండి. కంటికి అంత నాజూకుగా ఉండకపోవచ్చును గాని, ఎక్కడ కారినా ఆ క్షణమే తెలుస్తుంది, పది నిమిషాలలో విప్పవచ్చును. నాలుగున్నర అంగుళాల గోడలో నిలువునా గాడి కొట్టడం ఎప్పటికీ మంచిది కాదు. గాడి తప్పనప్పుడు గొట్టాలకు చేతిపంపుతో ఒత్తిడి పరీక్ష చేసి, రాత్రంతా అలా వదిలి, ఉదయం ముల్లు దిగలేదని మీ కళ్లతో చూసిన తరువాతనే సిమెంటు పూయనివ్వాలి. మిస్త్రీ తొందరపడతాడు. పడనివ్వండి.

వేడినీరు, చన్నీరు రెండూ ఒకే ట్యాంకునుండి రావాలి. కొన్ని పాత ఇళ్లలో చన్నీళ్ల కుళాయికి మునిసిపల్ నీరు, గీజరుకు ట్యాంకు నీరు ఇచ్చి ఉంటారు. విడివిడి కుళాయిలున్నంతవరకు ఏ బాధా లేదు. మిక్సరు బిగించిన నాడు ఒత్తిడి ఎక్కువ ఉన్న చన్నీరు మిక్సరుగుండా వేడినీటి గొట్టంలోకి ఎదురెక్కుతుంది. షవరులో ఒకమారు కాగుతున్న నీరు, ఒకమారు మంచునీరు వస్తూ స్నానం చేసేవారిని గెంతులు వేయిస్తుంది.

గీజరు సంగతి కూడా చూడాలి. 15 లీటర్ల గీజరులో నీరు 60 డిగ్రీలకు కాగి ఉన్నదనుకుందాం. జనవరి నెలలో ట్యాంకు నీరు 20 డిగ్రీలు ఉంటుందనుకుంటే, రెండూ సమపాళ్లలో కలిస్తే హాయిగా ఉండే 40 డిగ్రీల నీరు 30 లీటర్లు వస్తుంది. నిమిషానికి 8 లీటర్ల షవరు క్రింద అది నాలుగు నిమిషాలకు కూడా రాదు. చలికాలంలో నిదానంగా స్నానం చేసే అలవాటున్నవారికి 25 లీటర్ల గీజరు కావాలి. ఇక అప్పటికప్పుడు కాచే 3 కిలోవాట్ల చిన్న గీజరు, అదే 20 డిగ్రీల వేడిమి పెంచేటప్పుడు, నిమిషానికి సుమారు 2 లీటర్లు మాత్రమే ఇవ్వగలదు. అది బాల్చీకి సరిపోతుంది, షవరుకు చాలదు. గ్యాస్ గీజరును స్నానాలగదిలో పెట్టడాన్ని ఈ శీర్షిక ఏనాడూ సమర్థించలేదు. తలుపులు మూసిన గదిలో అది ఉత్పత్తిచేసే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. స్పృహ తప్పినవారు కేక వేయలేరు.

విద్యుత్తు విషయంలో బాల్చీస్నానానికీ షవరుకూ ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. షవరు తుంపరలు గదంతా చెదురుతాయి. కనుక గీజరు స్విచ్చి గది వెలుపల ఉండాలి. ఎర్తింగు సరిగా ఉన్నదో లేదో ఎలక్ట్రీషియన్ చేత కొలిపించాలి. 30 మిల్లీఆంపియర్లకే విద్యుత్తును తెంచే ఆర్‌సీసీబీని ఆ సర్క్యూటుకు తప్పక వేయించాలి. షవరుకు పెట్టే ఖర్చులో కొంత తగ్గించుకొనైనా సరే దీనిని పెట్టించండి.

రాయ్‌పూర్ వాసులకు వేసవి చిట్కా ఒకటి. మే నెల మధ్యాహ్నం మేడమీది ట్యాంకులో నీరు ఎంత వేడెక్కుతుందో మీకు మేము చెప్పనక్కరలేదు. ఆ కాలంలో గీజరు స్విచ్చి ఆపివేసి ఉదయమే దానిని నింపి ఉంచండి. మధ్యాహ్నం మిక్సరును వేడినీటివైపు త్రిప్పితే, ఇంటిలోపల నీడలో ఉన్న ఆ 15 లేక 25 లీటర్ల నీరు ట్యాంకు నీటికంటే చల్లగా వస్తుంది. ఎర్ర గుర్తున్న వైపు చల్లదనం, నీలి గుర్తున్న వైపు సెగ! వచ్చిన చుట్టాలకు ముందుగా చెప్పి ఉంచడం మేలు.

ఇక పోయే నీటి సంగతి. మామూలుగా అందరి దృష్టీ వచ్చే నీటిమీదే ఉంటుంది. ఇంటిని పాడుచేసేది పోయే నీరు. 1990 దశకపు ఇళ్లలో స్నానాలగది గోడలకు పలకలు ఎక్కువగా మూడు నాలుగు అడుగుల ఎత్తువరకే ఉంటాయి. ఆపైన సున్నమో డిస్టెంపరో. టబ్బులో కూర్చున్నప్పుడు ఆ ఎత్తు సరిపోతుంది. షవరు నీరు ఆరడుగుల ఎత్తున గోడను కొడుతుంది. మేము చూసిన ఇంట్లో ఆ గోడకు అవతలివైపు చీరల బీరువా ఉన్నది. పలకలు ఏడడుగుల వరకు పొడిగించకుండా షవరు తెరిచి ఉంటే తొలకరి నాటికి బీరువా వెనుక బూజు పట్టేది. అంతకంటే ముఖ్యమైనది టబ్బు అంచు గోడను కలిసే చోటు. మిస్త్రీలు అక్కడ తెల్లసిమెంటు రుద్దుతారు. టబ్బులో 150 లీటర్ల నీరు, ఒక మనిషి చేరేసరికి అది వెంట్రుకవాసి క్రిందికి దిగుతుంది. ఖాళీ కాగానే పైకి లేస్తుంది. ఈ ఊగిసలాటకు సిమెంటు పగులుతుంది. అక్కడ సాగే గుణమున్న సిలికాన్ పూయాలి. పూసే పద్ధతి కూడా గమనించండి: ముందు అంచును బొత్తిగా పొడిగా తుడిచి, టబ్బును నీటితో నింపి, నిండుగా ఉన్నప్పుడే సిలికాన్ పూసి, అది గట్టిపడేవరకు నీళ్లు వదలకూడదు. అలా చేస్తే పగులు అత్యధికంగా తెరుచుకునే స్థితికే పూత అమరుతుంది, తరువాత దానిని సాగదీసే బలం ఉండదు. మొహెంజొదారో మహాస్నానవాటికను కట్టినవారు సుమారు నాలుగున్నర వేల ఏండ్ల క్రితమే ఇటుకల వెనుక తారు పూత వేసి నీరు ఇంకకుండా చేశారు. మనం ఒక సిలికాన్ ట్యూబు దగ్గర పొదుపు చేయనక్కరలేదు.

టబ్బు గొట్టం ఎక్కడికి పోతున్నదో కూడా తెలుసుకోవాలి. చాలా ఇళ్లలో అది టబ్బు క్రిందనే నేలమీదికి వదిలి ఉంటుంది. నీరు నేలమీద పారి నహానీ ట్రాపులోకి చేరుతుంది. టబ్బు చుట్టూ ఇటుకలు కట్టి పలకలు అతికించినందున ఆ లోపల ఏమి జరుగుతున్నదో ఎవరికీ కనబడదు. అక్కడ ఒక అడుగు చదరపు తలుపు పెట్టించండి. పై అంతస్తులో ఉన్నవారికి ఇది మరీ అవసరం. క్రింది ఇంటివారి సీలింగుమీద మచ్చ పడిన తరువాత వెదకడం కంటే చవక.

తెర విషయం చెప్పి పెద్దామె సంగతికి వస్తాము. టబ్బుపై షవరుకు ప్లాస్టిక్ తెర తప్పదు. దాని క్రింది అంచు టబ్బు లోపల ఉండాలి, లేకపోతే గదంతా నీళ్లే. షవరు తెరవగానే ఆ తెర లోపలికి వచ్చి కాళ్లకు అంటుకోవడం వాడేవారందరికీ అనుభవమే. దీనికి కారణమేమిటని అమెరికాలోని మాసచూసెట్స్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ ష్మిట్ కంప్యూటరు గణనలు చేసి, జల్లు నడుమ చిన్న సుడి ఏర్పడి అక్కడ గాలి ఒత్తిడి తగ్గుతుందని సూచించారు. ఆయనకు 2001లో భౌతికశాస్త్రంలో ఇగ్ నోబెల్ బహుమతి లభించింది. ముందు నవ్వించి తరువాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి అది. నివారణకు అంత పాండిత్యం అవసరం లేదు. తెర క్రింది అంచున నాలుగు అయస్కాంతాలో, చిన్న సీసపు గుళ్లో కుట్టించుకుంటే చాలును. టబ్బు ఇనుముదైతే అయస్కాంతం, ప్లాస్టిక్‌దైతే గుళ్లు.

పెద్దామె సంగతి. ఆ ఇంట్లో టబ్బును ఇటుకల దిమ్మెపై కూర్చోబెట్టినందున దాని అంచు నేలనుండి 55 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్నది. అనగా మోకాలి పైకి. లోపలికి పోవాలంటే ఒక కాలిమీద నిలబడి రెండవ కాలిని ఆ ఎత్తుకు లేపి, తడిసిన నున్నని వంపుటడుగుపై మోపి, బరువంతా దానిపైకి మార్చాలి. స్నానం ముగిసిన తరువాత, ఈమారు పాదాలు తడిగా ఉండగా, తిరిగి అదంతా చేయాలి. ఎనభై ఏండ్ల వయస్సులో తుంటి ఎముక విరగడమంటే ఏమిటో అనుభవించిన కుటుంబాలు మన కాలనీలలోనే ఉన్నాయి. దీనికి తోడు మన ఆచారం ఒకటున్నది. తలంటుకు నువ్వులనూనె, ఒంటికి సున్నిపిండి, ఆపై కుంకుడుకాయ పులుసు. నూనె, నురగ కలిసి టబ్బు అడుగున పరచుకున్న తరువాత పాతికేళ్ల యువకుడు కూడా అక్కడ నిలబడలేడు. దీపావళికీ భోగికీ తలంటు టబ్బు వెలుపల పీటమీదే జరగాలని మా గట్టి అభిప్రాయం. రబ్బరు చాప వేస్తాము కదా అంటారు. నూనె చాప పైనకూడా నిలుస్తుంది.

కొడుకుగారికి ఈ మాట రుచించలేదు. తల్లికోసమే మొదలుపెట్టిన పని తల్లికి పనికిరాకపోతే ఎలాగని వారి బాధ. పెద్దామెనే అడిగాము. పైనుండి నీళ్లు నెత్తిమీద పడటం తనకు ఊపిరాడనట్లు ఉంటుందనీ, కూర్చొని పోసుకోవడమే కావాలనీ, వంగకుండా నీళ్లు చేతికందితే చాలుననీ ఆమె చెప్పారు. ఇంట్లో అప్పటివరకు ఎవరూ ఆమెను అడగలేదు.

దానికి మార్గం సులభంగానే దొరికింది. షవరుతోపాటు చేతిషవరు కూడా ఉండే మిక్సరును ఎంచుకున్నాము. దానికి మామూలు ఒక మీటరు గొట్టానికి బదులు మీటరున్నర గొట్టం వేయిస్తే, అది టబ్బు అంచు దాటి వెలుపల నేలమీది పీట వరకు అందుతుంది. వెడల్పు కాళ్లు, వాటికి రబ్బరు తొడుగులు ఉన్న గట్టి కుర్చీపీట ఒకటి. ఆమె కుడిచేతివైపు గోడకు స్టెయిన్‌లెస్ స్టీలు పట్టుకడ్డీ ఒకటి. ఈ కడ్డీ వంద కిలోల పైబడిన లాగుడుకు తట్టుకోవాలి. అందుచేత దాని మేకులు పలకలోకి మాత్రమే కాక వెనుకనున్న ఇటుకలోకి లోతుగా దిగాలి. తువ్వాలు వేసుకునే కడ్డీని పట్టుకొని లేవడం చాలామందికి అలవాటు. అది తువ్వాలుకోసం చేసినది, మనిషికోసం కాదు. పీట ఉన్నచోట నేల వాలు నహానీ ట్రాపువైపు ఉన్నదో లేదో ఒక చెంబెడు నీళ్లు పోసి చూశాము. అక్కడక్కడ నిలుస్తున్నాయి. షవరు పనితోపాటే నేలకు గరుకు పలకలు మార్పించారు. మొత్తంలో ఎక్కువ ఖర్చయినది దీనికే. అదే సార్థకమైన ఖర్చు కూడా. తలుపు గడియను వెలుపలినుండి కూడా తీయగలిగేటట్లు మార్చమన్నాము. గీజరు వేడిమిని 50 డిగ్రీలకు తగ్గించి ఉంచి, మిక్సరులో ముందు చన్నీటిని, తరువాత వేడినీటిని తెరవడం ఆమెకు అలవాటు చేయించారు.

చేతిషవరును వాడేవారు ఒక సంగతి మరువరాదు. దానిని టబ్బులో నిలిచి ఉన్న నీళ్లలో మునిగేట్లు వదలకూడదు. ట్యాంకు ఖాళీ అయి క్రింద వేరొక కుళాయి తెరిచి ఉంటే, టబ్బులోని మురికినీరు ఆ గొట్టంగుండా వెనక్కి పీల్చుకోబడి ఇంటి గొట్టాలలో చేరుతుంది. వేసవిలో టబ్బును నీటినిల్వకు వాడుకునే ఇళ్లలో ఈ ప్రమాదం ఎక్కువ. గోడమీది కొక్కేనికి తగిలించే అలవాటు పిల్లలకు మొదటిరోజే చేయండి.

నీటి వాడుక గురించి గృహిణులు అడుగుతూ ఉంటారు. బాల్చీస్నానానికి 20 లీటర్లు చాలును. నిమిషానికి 8 లీటర్ల షవరు క్రింద ఐదు నిమిషాలు నిలబడితే 40 లీటర్లు, అంటే రెండు బాల్చీలు. మన ప్రమాణాల ప్రకారం పట్టణవాసి ఒకరికి రోజంతటికీ, వంటకూ ఉతుకుకూ కలిపి, లెక్కకట్టేది 135 లీటర్లే. రాయ్‌పూర్‌కు ఖారూన్ నది నీరు ఆధారం. వేసవిలో ఆ నది సన్నగిల్లితే గంగ్రేల్ జలాశయంనుండి కాలువద్వారా రావాలి. ఈ విషయంలో టబ్బు చక్కగా సహకరిస్తుంది. దాని బిరడా మూసి షవరు స్నానం చేయమని పిల్లలకు చెప్పండి. స్నానం ముగిసేసరికి ఎవరెంత వాడారో కాళ్లదగ్గరే కనబడుతుంది. 20, 40, 60 లీటర్ల వద్ద లోపలివైపు చెరగని గీతలు గీస్తే ఇంట్లో పోటీ కూడా మొదలవుతుంది. ఆ నీటిని బాల్చీతో తీసి వాకిలి కడగడానికి వాడుకోవచ్చును.

చివరికి కంపెనీ మాట. రాయ్‌పూర్ పట్టణం సున్నపురాతి భూమిపై ఉన్నది. చుట్టుప్రక్కల ఇన్ని సిమెంటు కర్మాగారాలు వెలసినది ఆ రాతికోసమే. బోరునీటిలో ఆ సున్నం కరిగి వచ్చి, కాచినచోటనల్లా గీజరు కడ్డీలపై, ఆరినచోటనల్లా షవరు చిల్లులలో పేరుకుంటుంది. కనుక ఏ కంపెనీదైనా సరే, మూడు లక్షణాలు చూసి తీసుకోండి: బిళ్ల చిన్నదిగా ఉండాలి, చేతితో విప్పుకోవడానికి వీలుండాలి, చిల్లులు మెత్తని రబ్బరు మొనలతో ఉండాలి. వారానికొకసారి బొటనవేలితో ఆ మొనలను రుద్దితే సున్నం రాలిపోతుంది. లోహపు చిల్లులున్నదైతే రెండుమూడు నెలలకొకమారు విప్పి చిక్కని చింతపండు పులుసులోనో నిమ్మరసంలోనో రాత్రంతా నానబెట్టండి. ఇత్తడి బిందెలు తోమిన చేతులకు ఆ విద్య కొత్తది కాదు. పులుపులోని ఆమ్లం సున్నాన్ని కరిగిస్తుంది. బజారులో దొరికే ఘాటైన యాసిడ్ మాత్రం తాకించకండి, మెరుగుపూత లేచిపోతుంది.

మిస్త్రీకి ఆఖరి డబ్బు ఇచ్చే ముందు టబ్బును అంచువరకు నింపి, ఒక్కసారిగా వదిలి, ఇటుకలలో పెట్టించిన ఆ చిన్న తలుపు తెరిచి టార్చిలైటుతో లోపల చూడండి. పొడిగా ఉంటే ఇవ్వండి. వచ్చే సంచికలో వర్షాలకు ముందు మేడకప్పు పగుళ్లను గుర్తించే పద్ధతిని గురించి వ్రాస్తాము. మీ ఇళ్ల కొలతలతో సహా ఉత్తరాలు వ్రాస్తే జవాబివ్వడం మాకు సులభమవుతుంది.